దేవుడి మాన్యాల లెక్క

1517లో కృష్ణదేవరాయలు చోళమండలంలోని శివాలయాలు, విష్ణ్వాలయాలు రాజ్యానికి కట్టాల్సిన పది వేల వరాహాల పన్నులను రద్దు చేశాడు. జోడి, సూలవరి లాంటివి ఆ మాఫీలో ఉన్నాయి. ఆ ఆజ్ఞను గుడి గోడల మీద చెక్కించాడు. రాయల భక్తికి గుర్తుగా చెప్పుకొనే ఈ శాసనం మరో సంగతి కూడా బయటపెడుతుంది: అప్పటిదాకా ఆ గుళ్లు పన్ను కడుతూనే ఉన్నాయి. దేవుడి ఆస్తికి పన్ను లేకపోవడం ఏ రాజ్యంలోనూ దానంతట అదే అమలు కాలేదు. రాజు దయ తలచాలి, గుడి దాన్ని రాయించుకోవాలి, రాజ్యం చేతులు మారితే కొత్త పాలకుడి చేత మళ్లీ ఒప్పించుకోవాలి.

సర్వమాన్యంగా ఇచ్చిన భూమికి శిస్తు ఉండదు. నీరు, రాయి, నిధి నిక్షేపాలతో సహా అష్టభోగాలూ గ్రహీతవే. శాసనం చివర శాపం తప్పనిసరి: ఇచ్చిన భూమిని లాక్కున్నవాడు అరవై వేల ఏళ్లు మలంలో పురుగై పుడతాడని. ఇంత గట్టిగా బెదిరించారంటే లాక్కునేవాళ్లు ఆనాడూ ఉన్నారనే అర్థం. ఈ మినహాయింపు ఊరికే వచ్చిందీ కాదు. పూజకు అర్చక మాన్యం, సన్నాయి మేళానికి భజంత్రీ మాన్యం, నాట్యసేవకు భోగం మాన్యం, మసీదులో ఖాజీకి ఇనాం, మొహర్రం నాడు పీర్లు ఎత్తేవాళ్లకు పీర్ల మాన్యం. జీతాలు లేని వ్యవస్థలో భూమే జీతం, సేవే ఆ భూమికి కట్టే పన్ను.

ఈ ఏర్పాటు ఎంత దూరం పోగలదో తిరుమల శాసనాల్లో కనిపిస్తుంది. 15, 16 శతాబ్దాల్లో అక్కడ నగదు సమర్పించిన దాతలు ఎందరో. ఆలయం ఆ సొమ్మును పెట్టెలో పెట్టి తాళం వేయలేదు. తన గ్రామాల్లో చెరువులు బాగుచేయించింది, కాలువలు తవ్వించింది. నీరొచ్చి పెరిగిన పంటలోంచి దాత పేరిట నిత్య నైవేద్యం జరిగేది. ఆ ప్రసాదంలో నాలుగో వంతు దాతది. ఆ వాటాను ఆయన తనకే ఉంచుకోవచ్చు, మఠానికో సత్రానికో రాసివ్వచ్చు. అన్నమయ్య కొడుకు తాళ్లపాక పెదతిరుమలాచార్యులు కూడా ఆ దాతల్లో ఒకరు. అమెరికా చరిత్రకారుడు బర్టన్ స్టెయిన్ 1960లో ఈ శాసనాలనే ఆధారం చేసుకుని, మధ్యయుగపు ఆలయం వ్యవసాయానికి పెట్టుబడి పెట్టిన సంస్థ అని చూపించారు. పన్ను వదులుకున్న రాజ్యానికి అందుకు బదులుగా మాగాణి దక్కింది. గుళ్ల ఆస్తులను గురించి ఇవాళ జరిగే వాదాల్లో ఈ సంగతి దాదాపు ఎవరూ ఎత్తరు. ఎత్తాలి.

విజయనగరం పోయాక కథ తలకిందులైంది. ఆర్కాటు నవాబుల ఖజానాకు తిరుమల ఆదాయం ఒక ఆధారమైంది. యుద్ధ ఖర్చుల బాకీ కింద నవాబు ఆ ఆదాయాన్ని ఈస్టిండియా కంపెనీకి దఖలు పరిచాడు. 1801లో నవాబు ఏలిన కర్ణాటక రాజ్యమే కంపెనీ చేతికొచ్చింది, దానితో పాటు కొండ మీది లెక్కలూ వచ్చాయి. ఎవరి విధి ఏమిటో, ఏ సేవకు ఎంత ఖర్చో నిర్ణయిస్తూ 1821లో బ్రూస్ కోడ్ తయారైంది. క్రైస్తవ ప్రభుత్వం విగ్రహారాధన మీద సంపాదించడమేమిటని మిషనరీలు లండన్‌లో గోల చేశారు. హిందూ ఉత్సవాలకు సైనిక మర్యాదలు చేయించలేనంటూ మద్రాసు సేనాధిపతి పెరిగ్రిన్ మైట్‌లాండ్ 1838లో రాజీనామా ఇచ్చాడు. చివరికి 1843లో కంపెనీ తిరుమల పాలనను హథీరాంజీ మఠం మహంతు సేవాదాసుకు అప్పగించి తప్పుకుంది.

కొండ మీది సంగతి అలా తేలింది. ఊరూరా ఉన్న చిన్న గుళ్ల మాన్యాలకు మాత్రం అసలు పరీక్ష 1858లో మొదలైంది. ఆ ఏడాది మద్రాసు ప్రభుత్వం జి.ఎన్. టేలర్ కమిషనరుగా ఇనాం కమిషన్ వేసింది. డిప్యూటీ కలెక్టర్లు ఊళ్లు తిరిగారు. సనదులు, రాగి రేకులు, కరణాల పాత లెక్కలు ముందు పెట్టించారు. ఎవరిచ్చారు, ఎప్పుడిచ్చారు, ఎందుకిచ్చారు, ఇప్పుడు ఎవరి అనుభవంలో ఉంది అని ప్రతి ఇనాం గురించీ రాశారు. సొంత ఇనాందారు కొంత కట్టుబడికి (తగ్గింపు శిస్తుకు) ఒప్పుకుంటే భూమి పూర్తిగా అతని సొంతమయ్యేది. దేవాదాయ, ధర్మాదాయ ఇనాములకు ఆ దారి లేదు. సేవ సాగినంత కాలం మాన్యం సాగుతుందని టైటిల్ డీడ్ ఇచ్చారు. మసీదులకూ దర్గాలకూ ఇదే పద్ధతి.

ఆ విచారణ ఫలితమే ఇనాం ఫెయిర్ రిజిస్టర్. కోస్తా, రాయలసీమల్లో గుడి భూముల దావా ఏది నడిచినా వకీళ్లు మొదట అడిగేది దీని నకలునే. తెలంగాణలో ఆ పాత్ర నిజాం కాలపు ఇనాం ధ్రువపత్రం ముంతఖబ్‌ది. వ్యాజ్యం ఎక్కువగా ఒక్క ప్రశ్న చుట్టూ తిరుగుతుంది: ఇనాం దేవుడిదా, లేక సేవ చేసే షరతుతో మనిషికిచ్చిందా? అర్చకుడి పేరు రాసి దేవుడి పేరు మరిచిన చోటల్లా తరాల తగాదా మిగిలింది.

షరతును తెంపడమే న్యాయమైన సందర్భం కూడా ఒకటుంది. మద్రాసు శాసనమండలిలో డాక్టర్ ముత్తులక్ష్మీరెడ్డి పట్టుపట్టి సాధించిన దేవాదాయ చట్టపు 1929 సవరణ దేవదాసీల ఇనాములను గుడి సేవ నుంచి విడదీసింది. నాట్యసేవ మానితే పొలం పోతుందన్న భయం తీరింది. తరతరాలుగా ఆ పొలానికి తమ బతుకులతో శిస్తు కట్టిన ఆడవాళ్లకు భూమి సొంతంగా దక్కడం ఈ చరిత్రలో అన్నిటికన్నా మంచి మాట.

ఆధునిక ఆదాయపు పన్ను పాత సూత్రాన్నే కొత్త భాషలో రాసుకుంది. కేవలం మత, ప్రజా ధర్మకార్యాలకు వాడే ఆస్తి మీద వచ్చే రాబడిని 1886 చట్టమే మినహాయించింది. 1961 చట్టం ఖర్చుకు లెక్క కట్టింది: తర్వాతి సవరణల ప్రకారం, సాధారణంగా ఆదాయంలో 85 శాతం ఆ ఏడాదే ఉద్దేశించిన పనికి వాడాలి. ఇచ్చినవారి పేరు లేని విరాళాలపై 2006లో పన్ను వేసినప్పుడు కూడా పూర్తిగా మతపరమైన సంస్థలను వదిలేశారు. హుండీలో పడే నోటు మీద పేరుండదు కదా.

ఒక చేత్తో వదిలింది మరో చేత్తో అడగడమూ జరిగింది. కాళహస్తికి చెందిన పానగల్ రాజా మద్రాసు ప్రధానిగా ఉండగా తెచ్చిన దేవాదాయ చట్టం పర్యవేక్షణ ఖర్చును ఆలయాల మీదే పెట్టింది. 1951 దేవాదాయ చట్టం ఆదాయంలో అయిదు శాతం దాకా వసూలు చేయబోతే, ఉడుపిలోని శిరూరు మఠం కేసులో సుప్రీంకోర్టు 1954లో అది పన్నేనని కొట్టేసింది. చట్టం సవరించుకున్నాక 1963లో అదే కోర్టు దాన్ని రుసుముగా ఒప్పుకుంది. రుసుమంటే బదులుగా సేవ అందాలి. గుడి తన వాటా కడుతున్నప్పుడు, దాని పొలాల కౌలు వసూలు చేసి, ఆక్రమణలు తొలగించాల్సిన బాధ్యత దేవాదాయ శాఖది. ధూపదీపాలకు గతిలేని గుడి పక్కనే దాని మాన్యం ఇళ్ల ప్లాట్లుగా మారిందంటే ఆ బాకీ తీరనట్టే.

ఇప్పుడు ఆ భూములకు కాపలా రిజిస్ట్రేషన్ చట్టంలోని 22-ఎ సెక్షన్. చట్టప్రకారం అధికారం లేనివారు చేసే దేవాదాయ, వక్ఫ్ భూముల అమ్మకాన్ని, దానాన్ని, పదేళ్లు దాటిన కౌలును సబ్ రిజిస్ట్రార్ నమోదు చేయకూడదు. ఏ సర్వే నంబరు ఆ జాబితాలో ఉండాలన్న వివాదం వచ్చినప్పుడు, టేలర్ మనుషులు కరణాలను కూర్చోబెట్టి రాయించిన వరుసలే మళ్లీ కోర్టు ముందుకొస్తున్నాయి.