ఎ గర్ల్ నేమ్డ్ డిజాస్టర్
అమెరికన్ రచయిత్రి నాన్సీ ఫార్మర్ 1996లో వెలువరించిన కిశోర నవల. 1997లో న్యూబెరీ ఆనర్ పొందింది. మొజాంబిక్‌లోని ఓ షోనా పల్లెలో పెరిగిన తల్లిలేని పిల్ల న్హామో. క్రూరుడొకడితో బలవంతపు పెళ్లి తప్పించుకోవడానికి అమ్మమ్మ ప్రోద్బలంతో పడవెక్కి, జింబాబ్వేలోని తండ్రి బంధువులను వెతుక్కుంటూ బయల్దేరుతుంది. దారి తప్పి కబోరా బస్సా జలాశయంలోని దీవిలో నెలల తరబడి బబూన్ కోతుల నడుమ బతుకుతుంది. రచయిత్రి కొంతకాలం ఆ జలాశయం దగ్గరే పనిచేసింది. తిండి వెతుకులాట, అడవి వర్ణన అంత నమ్మకంగా కుదరడం అందుకే కావచ్చు. అయితే నవలకు అసలు బలం ఒంటరితనపు చిత్రణ. తల్లిని చిరుతపులి చంపింది. పత్రికలోని ఎవరో స్త్రీ బొమ్మను అమ్మగా భావించుకుని ఆ పిల్ల దానితో మాట్లాడుతుంది, కథలు చెబుతుంది, ఆత్మల సలహా వింటుంది. షోనా విశ్వాసాలను ఫార్మర్ వింతలుగా కాక, న్హామో బతుకులో భాగంగానే రాసింది.