44వ వీధిలో తెర దించిన లెక్కలు

మాన్‌హట్టన్‌లో బ్రాడ్‌వేకీ ఎనిమిదో అవెన్యూకీ మధ్య ఉన్న 44వ వీధి ముక్క తీరిగ్గా నడిచినా ఐదు నిమిషాల్లో అయిపోతుంది. ఉత్తరం పక్క షూబర్ట్, బ్రాడ్‌హర్స్ట్, మెజెస్టిక్ థియేటర్లు వరసగా ఉంటాయి. వాటికి ఎదురుగా హేస్, సెయింట్ జేమ్స్. ‘ఓక్లహోమా’, ‘కరౌసెల్’, ‘సౌత్ పసిఫిక్’, ‘హలో డాలీ’ అనే మ్యూజికల్స్, అంటే పాటల నాటకాలు, ఈ నగరంలో మొదట తెర ఎత్తింది ఈ ముక్కలోనే. ‘ఎ కోరస్ లైన్’, ‘ఫాంటమ్ ఆఫ్ ది ఆపెరా’ ఏళ్ళ తరబడి ఆడిందీ ఇక్కడే. అక్కణ్ణుంచి ఎనిమిదో అవెన్యూ దాటి ఇంకాస్త పడమరకి వెళ్తే మా పేట వస్తుంది. దాని పేరు హెల్స్ కిచెన్.

మా పేటలో 43వ వీధి మీద మాన్‌హట్టన్ ప్లాజా అని రెండు ఎత్తైన భవనాలున్నాయి. మధ్యతరగతి వాళ్ళు అద్దెకి వస్తారన్న ఆశతో వాటిని కట్టారు. 1970లలో న్యూయార్క్ దివాలా అంచుకి చేరింది, పేటకి చెడ్డపేరు వచ్చింది, వచ్చేవాళ్ళు లేకపోయారు. చివరికి 1977లో ప్రభుత్వ రాయితీతో వాటిని కళాకారులకి ఇచ్చారు. మొత్తం 1,689 ఇళ్ళు. పదింట ఏడు, రంగస్థలాన్ని నమ్ముకుని బతికేవాళ్ళకి. ఆదాయం పడిపోతే అద్దె కూడా తగ్గేలా ఏర్పాటు చేశారు, ఎందుకంటే నాటకంవాళ్ళ ఆదాయం ఏ వారం ఎలా ఉంటుందో ఎవరూ చెప్పలేరు. అందుకే ఒక మ్యూజికల్ ఆగిపోతోందన్న వార్త మాకు పత్రికలో చదివే కబురు కాదు. మెట్ల మీద ఎదురైన క్లారినెట్ వాద్యకారుడి మొహంలోనే తెలిసిపోతుంది.

ఏ నాటకం ఎన్నాళ్ళు ఆడిందో రాసిపెట్టిన పుస్తకాలు చాలా ఉన్నాయి. ఎప్పుడు ఆపారు, ఎవరు ఆపారు, ఏ లెక్క చూసి ఆపారు అన్న ప్రశ్నలు వేసుకుంటేనే ఈ వీధి అసలు చరిత్ర తెలుస్తుందని నా అభిప్రాయం.

ముందు లెక్క చెబుతాను. ఇక్కడ మ్యూజికల్ వారానికి ఎనిమిది ఆటలు ఆడుతుంది. తెర ఎత్తడానికి ముందు పెట్టిన పెట్టుబడి ఒక పద్దు, తెర ఎత్తాక వారం వారం అయ్యే ఖర్చు ఇంకో పద్దు. నటుల జీతాలు, వాద్యబృందం, తెర వెనక పనివాళ్ళు, దుస్తుల శాఖ, ప్రకటనలు, థియేటర్ అద్దె అన్నీ ఈ రెండో పద్దులోకి వస్తాయి. దీన్ని ఇక్కడివాళ్ళు ‘నట్’ అంటారు. వారం వసూలు నట్‌ని దాటితే మిగిలింది పెట్టుబడిదారులకి వెళ్తుంది, దాటకపోతే నిర్మాత జేబులోంచి పోతుంది. ఐదు మ్యూజికల్స్ వేస్తే పెట్టుబడి తిరిగొచ్చేది ఒక్కదానికేనని ఈ వ్యాపారంలో చాలాకాలంగా ఉన్న మాట.

ఇందులో థియేటర్ యజమానికీ ఒక అధికారం ఉంది. వరసగా రెండు వారాలు వసూలు ఒప్పందంలో రాసుకున్న అంకె కంటే కిందికి పోతే, నాటకాన్ని ఖాళీ చెయ్యమని అతను అడగవచ్చు. దీనికి ‘స్టాప్ క్లాజ్’ అని పేరు. మన సినిమా హాళ్ళలో హోల్డోవర్ లెక్క తెలిసినవాళ్ళకి ఇది వెంటనే అర్థమవుతుంది. నిర్మాతకి ఇంకో నెల నడపాలని ఉన్నా, పక్కన ఇంకో నాటకం ఖాళీ థియేటర్ కోసం కాచుకుని ఉంటే యజమాని ఆగడు. బ్రాడ్‌వే లెక్కలోకి వచ్చే థియేటర్లు 41 మాత్రమే. వాటిలో చాలా భాగం మూడు సంస్థల చేతుల్లో ఉన్నాయి, ఒక్క షూబర్ట్ సంస్థకే 17.

నిర్ణయం అయ్యాక స్టేజి తలుపు దాటగానే ఉండే నోటీసు బోర్డు మీద ఒక కాగితం అతికిస్తారు. సాధారణంగా వారం గడువు. నటుడు సాయంత్రం సంతకం పెట్టడానికి వచ్చి చూస్తాడు. చూసి, మేకప్ వేసుకుని, ఆ రాత్రి నవ్వుతూ పాడతాడు. జనం చప్పట్లు కొడతారు. ఈ వీధిలో నన్ను అన్నిటికంటే కదిలించేది ఆ ఒక్క రాత్రి.

ఒక్క రాత్రితో ముగిసిన నాటకాలూ ఉన్నాయి. 1965 ఫిబ్రవరిలో బ్రాడ్‌హర్స్ట్‌లో ‘కెల్లీ’ అనే మ్యూజికల్ మొదలైంది, మొదటి ఆటే చివరి ఆట అయింది. ఆరున్నర లక్షల డాలర్లు పోయాయి. ఆ రోజుల్లో అది మతిపోయే మొత్తం. అదే ఏడాది 46వ వీధిలో జో అలెన్ అనే రెస్టారెంట్ తెరిచారు. ఘోరంగా దెబ్బతిన్న నాటకాల పోస్టర్లను ఫ్రేములు కట్టి అక్కడ గోడలకి వేలాడదీస్తారు. ‘కెల్లీ’ పోస్టర్ కూడా ఆ గోడ ఎక్కింది. నటులు వాటి కిందే కూర్చుని భోజనం చేస్తారు. పరువు పోయిందని ఎవరూ తల దించుకోరు, ఆ జాబితాలో తాము పనిచేసిన నాటకం ఒకటైనా లేనివాళ్ళు ఇక్కడ అరుదు.

ఆ గోడ మీద ఇంకో పోస్టర్ కథ మరీ విచిత్రం. 1966 డిసెంబర్‌లో మెజెస్టిక్‌లో ‘బ్రేక్‌ఫాస్ట్ ఎట్ టిఫానీస్’ మ్యూజికల్‌ని అధికారికంగా మొదలుకాకముందే, నాలుగు ప్రివ్యూల తర్వాత నిర్మాత డేవిడ్ మెరిక్ ఆపేశాడు. టీవీలో మంచి పేరున్న మేరీ టైలర్ మూర్, రిచర్డ్ చాంబర్లేన్ అందులో ముఖ్య నటులు. టికెట్లు ముందే పెద్ద ఎత్తున అమ్ముడుపోయాయి. ఆ డబ్బుతో కొన్ని నెలలు లాగించవచ్చు. నాటకం బాగాలేదని తనే బహిరంగంగా ఒప్పుకుని, డబ్బు వాపసు ఇచ్చేశాడు. మెరిక్‌ని ఇష్టపడేవాళ్ళు ఈ వీధిలో తక్కువ, అతని నోరూ తీరూ అలాంటివి. అయినా ఆ నిర్ణయాన్ని నేను గౌరవిస్తాను. ప్రేక్షకుడి డబ్బుని అంత మర్యాదగా చూసిన నిర్మాతలు తరవాత ఎక్కువమంది కనబడలేదు.

ఆపడం తెలిసిన ఈ మనిషికి నడపడం ఇంకా బాగా తెలుసు. సెయింట్ జేమ్స్‌లో 1964 జనవరిలో మొదలైన ‘హలో డాలీ’ వసూళ్ళు తగ్గుతున్నప్పుడల్లా మెరిక్ కథానాయికను మార్చాడు. కరోల్ చానింగ్ తర్వాత జింజర్ రోజర్స్, బెట్టీ గ్రేబుల్ వచ్చారు. 1967లో మొత్తం నల్లజాతి నటులతో, పెర్ల్ బెయిలీ నాయికగా అదే నాటకాన్ని కొత్తగా నిలబెట్టాడు. చివరగా ఎథెల్ మెర్మన్ వచ్చింది. అలా 1970 డిసెంబర్ దాకా 2,844 ఆటలు ఆడింది.

తర్వాతి కాలంలో మెరిక్ వేసిన ఎత్తు మాత్రం నాకు మరీ ఇష్టం. అతని ‘42వ వీధి’ మ్యూజికల్ కొన్నేళ్ళుగా మెజెస్టిక్‌లో ఆడుతోంది. లండన్ నుంచి ‘ఫాంటమ్’ వస్తోందని 1987లో దాన్ని ఖాళీ చేయించారు. మెరిక్ తన నాటకాన్ని వీధికి అడ్డంగా మోసుకెళ్ళి ఎదురుగా సెయింట్ జేమ్స్‌లో పెట్టాడు. ‘ఫాంటమ్’ ఎనిమిదింటికి మొదలయ్యేది. టికెట్ దొరకనివాళ్ళు వీధిలోకి వచ్చి ఏం చెయ్యాలా అని నిలబడేవాళ్ళు. వాళ్ళకోసం మెరిక్ తన ఆటని ఎనిమిదీ పావుకి జరిపాడు. అలా ఎదుటి నాటకం హౌస్‌ఫుల్ బోర్డు నుంచే తన వసూలు లాగాడు. 1989 జనవరిలో తెర దించేనాటికి ఆ నాటకం 3,486 ఆటలు ఆడింది.

షూబర్ట్ థియేటర్‌లో ‘ఎ కోరస్ లైన్’ 1975 నుంచి 1990 దాకా 6,137 ఆటలు ఆడింది. జోసెఫ్ పాప్ నడిపిన లాభాపేక్ష లేని పబ్లిక్ థియేటర్ నుంచి వచ్చిన నాటకమది. దాని లాభాలతోనే ఆ సంస్థ ఏళ్ళ తరబడి కొత్త రచయితలకి వేదిక ఇచ్చింది. 1983 సెప్టెంబర్ 29న బ్రాడ్‌వేలో అప్పటిదాకా ఉన్న ఎక్కువ ఆటల రికార్డుని దాటిన రాత్రి, పాత నటులూ కొత్త నటులూ కలిసి 332 మంది వేదిక ఎక్కారు.

టికెట్ ధర లెక్క మారిందీ ఈ వీధిలోనే. 2001లో సెయింట్ జేమ్స్‌లో ‘ది ప్రొడ్యూసర్స్’ వచ్చినప్పుడు మంచి సీటు 100 డాలర్లు. బ్లాకులో దానికి ఎన్నో రెట్లు పలికేది. ఆ లాభం బ్లాకువాళ్ళకి ఎందుకు పోవాలని నిర్మాతలు ఆ ఏడాది అక్టోబర్‌లో కొన్ని సీట్లకి తామే 480 డాలర్లు పెట్టారు. ఇప్పుడు ప్రతి పెద్ద నాటకానికీ అలాంటి సీట్లున్నాయి. దాంతో వసూలు అంకె పెరుగుతుంది, హాల్లో మనుషులు పెరగరు. పత్రికల్లో వారం వారం వచ్చే వసూళ్ళ పట్టికలో డాలర్ల గడి పక్కన సీట్ల శాతం గడి కూడా ఉంటుంది. నేను ముందు చూసేది ఆ రెండో గడినే.

టైమ్స్ స్క్వేర్‌లో 47వ వీధి దగ్గర 1973 నుంచీ ఉన్న టీకేటీఎస్ కిటికీలో అదే రోజు ఆటకి సగం దాకా తగ్గింపు ధరకి టికెట్లు అమ్ముతారు. శనివారం రాత్రి ఆటకి కూడా ఒక నాటకం పేరు ఆ బోర్డు మీద కనబడిందంటే దాని పరిస్థితి బాగాలేనట్టే.

నాటకాలకి గండం జనవరి. క్రిస్మస్ సెలవులకి వచ్చిన పర్యాటకులు వెళ్ళిపోతారు, చలి ముదురుతుంది, హాళ్ళు బోసిపోతాయి. మనవాళ్ళకి బాగా గుర్తుండే ‘బాంబే డ్రీమ్స్’ కూడా జనవరి 1నే ఆగిపోయింది. ఏ.ఆర్. రెహమాన్ సంగీతంతో లండన్‌లో బాగా ఆడిన ఆ నాటకం 2004 ఏప్రిల్ 29న 53వ వీధిలోని బ్రాడ్‌వే థియేటర్‌లో మొదలైంది. పెట్టుబడి కోటీ 40 లక్షల డాలర్లు. 284 ఆటలు ఆడి, పెట్టిన డబ్బు తిరిగి రాకుండానే ముగిసింది. మా న్యూజెర్సీ తెలుగు కుటుంబాలు వెళ్ళి ఫౌంటెన్ కింద ఆ డాన్సులు చూసి మురిసిపోయాయి. కానీ వెయ్యికి పైగా సీట్లున్న హాలుని వారానికి ఎనిమిదిసార్లు నింపాలంటే ఒక్క జాతి ప్రేమ సరిపోదు. మిగతా నగరం వస్తేనే నిలుస్తుంది.

లెక్కని మనుషులు ఎదిరించిన సందర్భమూ ఒకటి చెప్పాలి. 2001 సెప్టెంబర్ 11 దాడుల తర్వాత హాళ్ళు ఖాళీ అయ్యాయి. 45వ వీధిలో ఆడుతున్న ‘కిస్ మీ కేట్’కి ముగింపు నోటీసు అతికించారు. నటులూ పనివాళ్ళూ జీతంలో పాతిక శాతం వదులుకున్నారు, మరో పాతిక శాతంతో టికెట్లు కొని సహాయక సిబ్బందికి ఇచ్చారు. నోటీసు రద్దయింది. ఆ నాటకం ఆ ఏడాది డిసెంబర్ 30 దాకా బతికింది. ఆ మూడు నెలలు మా పేటలో ఎన్నో ఇళ్ళకి అద్దె డబ్బులు.

ఇక ‘ఫాంటమ్’. 1988 జనవరి 26న మెజెస్టిక్‌లో తెర ఎత్తింది. 2020 మార్చి 12న కరోనాతో అన్ని థియేటర్లూ మూతపడి, 2021 అక్టోబర్‌లో అది మళ్ళీ మొదలైనప్పుడు పాత లెక్క పనిచెయ్యలేదు. బ్రాడ్‌వే ప్రేక్షకుల్లో మూడింట రెండొంతుల దాకా పర్యాటకులే. విదేశాలవాళ్ళు అప్పటికి ఇంకా అంతగా రావడంలేదు. వారం ఖర్చు సుమారు తొమ్మిదిన్నర లక్షల డాలర్లకి చేరింది. అంటే వారానికి ఎనిమిది లక్షలు వసూలైనా నష్టమే. 2022 సెప్టెంబర్‌లో నిర్మాత కామెరాన్ మకింతోష్ పక్షం నుంచి ప్రకటన వచ్చింది, 2023 ఫిబ్రవరి 18న ముగిస్తామని.

ఆ వార్త వచ్చిన మర్నాటి నుంచే జనం విరగబడ్డారు. గడువు ఏప్రిల్ 16 దాకా పొడిగించారు. చివరి రోజుల్లో వారం వసూలు 30 లక్షల డాలర్లు దాటింది. మరి ఆపడం ఎందుకని ఆ వసంతంలో మా పేటలో అందరూ అడిగారు. వీడ్కోలుకి వచ్చిన జనం అది, వీడ్కోలు రద్దయితే వాళ్ళూ రారు. పైగా థియేటర్‌కి మరమ్మతులు బాకీ ఉన్నాయి. 13,981 ఆటలు, 130 కోట్ల డాలర్లకి పైగా వసూలు. ఆటల సంఖ్యలో ఆ రికార్డుని ఇప్పటిదాకా ఎవరూ అందుకోలేదు.

నన్నడిగితే ఆపడం సరైన పనే. లండన్‌లో అదే నాటకం 2021లో మళ్ళీ మొదలైనప్పుడు వాద్యబృందాన్ని దాదాపు సగానికి కోసేశారు. ఇక్కడ చివరి రాత్రి దాకా 27 మందీ వాయించారు. వాళ్ళలో కొందరు 1988 నుంచీ అదే కుర్చీలో కూర్చున్నవాళ్ళు. పిల్లల్ని చదివించుకున్నదీ, ఇల్లు గడిపిందీ ఆ ఒక్క కొలువు మీదే. అరకొరగా మిగలడం కంటే నిండుగా ముగియడం ఆ సంగీతానికి మర్యాద. అయితే ఆ మర్యాదకి మూల్యం కట్టింది వాద్యకారులు. అలాంటి పెద్ద బృందం పెట్టే కొత్త మ్యూజికల్ దొరకడం ఇప్పుడు గగనం. బాగుచేసిన మెజెస్టిక్‌లో 2024 డిసెంబర్‌లో మొదలైన ‘జిప్సీ’కి ఆడ్రా మెక్‌డొనాల్డ్ అంతటి నటి ఉన్నా, అక్టోబర్ దాకా ఆడాల్సింది 2025 ఆగస్టు 17నే ఆగిపోయింది.

తెలుగు పాఠకులకి నా విన్నపం ఒకటి. అమ్మానాన్నల్నీ అత్తమామల్నీ న్యూయార్క్ చూపించడానికి తెచ్చినప్పుడు ఏళ్ళుగా ఆడుతున్న నాటకాలకే తీసుకెళ్తున్నారు, అవి మంచివే. ఈసారి కొత్తగా మొదలైన మ్యూజికల్ ఒకటి ఎంచుకోండి. మొదటి నెలలోనో, ఖాళీ సీట్లుండే జనవరిలోనో వెళ్ళండి. ఆ వారాల్లో కొన్న టికెట్టుకి ఉన్న విలువ రద్దీ రోజుల్లో కొన్నదానికి ఉండదు, ఆ అంకెలు చూసే నోటీసు రాస్తారు. థియేటర్ కిటికీ దగ్గర స్వయంగా కొంటే ఆన్‌లైన్ రుసుములూ ఉండవు.