అతిపెద్ద ప్రధాన సంఖ్య – వాల్తేరుతో దాని చుట్టరికం

1తోనూ, తనతోనూ తప్ప మరే సంఖ్యతోనూ నిశ్శేషంగా భాగింపబడని, 1 కంటె పెద్దదైన సంఖ్యను ప్రధాన సంఖ్య అంటారు. ఇంతవరకు తెలిసిన ప్రధాన సంఖ్యలలో అతిపెద్దది 2024 అక్టోబరు 12న నిర్ధారణ అయింది. 13,62,79,841 రెండులను ఒకదానితో ఒకటి గుణించి, ఆ లబ్ధం నుంచి 1 తీసివేస్తే వచ్చే సంఖ్య అది. గింప్స్ అనే అంతర్జాతీయ స్వచ్ఛంద గణన ప్రయత్నంలో పాల్గొన్న అమెరికావాసి ల్యూక్ డ్యురాంట్ దీనిని కనుగొన్నారు.

దీనిలోని అంకెలు 4,10,24,320. ఆకాశవాణిలో సెకనుకు ఒక అంకె చొప్పున రేయింబవళ్లు చదివినా 475వ రోజున గాని పూర్తి కాదు. అయినా చివరి అంకె 1 అని కాగితం లేకుండానే చెప్పవచ్చు. రెండు ఘాతాల చివరి అంకెలు 2, 4, 8, 6 అనే వరుసలోనే తిరుగుతాయి. ఈ ఘాతాంకాన్ని 4తో భాగిస్తే శేషం 1 కనుక ఘాతం 2తో ముగుస్తుంది, అందులో ఒకటి పోతే 1.

ఇటువంటి వాటిని 17వ శతాబ్దపు ఫ్రెంచి పండితుడు మరాన్ మెర్సెన్ పేరిట మెర్సెన్ ప్రధాన సంఖ్యలంటారు. వీటిని పరీక్షించే పద్ధతికి మూలపురుషుడు మరొక ఫ్రెంచి గణితవేత్త ఎడ్వర్డ్ ల్యూకా. 4తో మొదలుపెట్టి, వర్గం చేసి 2 తీసివేసి, పరీక్షిస్తున్న సంఖ్యతో భాగించి శేషం తీసుకోవాలి. ఘాతాంకం కంటె రెండు తక్కువ సార్లు ఇలా చేశాక శేషం సున్న అయితే అది ప్రధాన సంఖ్య. 31 విషయంలో ఘాతాంకం 5. మూడు మెట్లలో 14, 8, 0 వస్తాయి.

ల్యూకా 1876లో చేతి లెక్కతో నిరూపించిన 39 అంకెల సంఖ్య 1951 దాకా అతిపెద్దదిగా నిలిచింది. పుదుచ్చేరి ఫ్రెంచి ఏలుబడిలో ఉండగా పుట్టిన ఆ రికార్డు, ఆ ఏలుబడి 1954లో ముగియడానికి మూడేళ్ల ముందే చెల్లిపోయింది.

తెలుగువారికి మరింత దగ్గరి ముచ్చట వాల్తేరులో ఉంది. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి చెందిన డి. సూర్యనారాయణ 1969లో స్విట్జర్లాండ్ పత్రిక ‘ఎలెమెంటె డెర్ మాథెమాటిక్’లో సూపర్ పర్ఫెక్ట్ సంఖ్యలను ప్రతిపాదించారు. ఒక సంఖ్య భాజకాలన్నిటినీ కూడి, వచ్చిన మొత్తపు భాజకాలను మళ్లీ కూడితే తొలి సంఖ్యకు రెట్టింపు కావాలి. 16 భాజకాల మొత్తం 31. అది ప్రధాన సంఖ్య కనుక దాని భాజకాలు 1, 31 మాత్రమే; మొత్తం 32. సరి సంఖ్యలలో ఇటువంటివి మెర్సెన్ ప్రధాన సంఖ్యల నుంచే వస్తాయని, ప్రతి మెర్సెన్ ప్రధాన సంఖ్యా ఒకదానిని ఇస్తుందని ఆయన చూపారు. అందువల్ల డ్యురాంట్ కనుగొన్నది ఇంతవరకు తెలిసిన వాటిలో 52వ మెర్సెన్ ప్రధాన సంఖ్య కాగానే, సూర్యనారాయణ పట్టికలోనూ 52వ సరి సంఖ్య చేరిపోయింది: 13,62,79,840 రెండుల లబ్ధం.

ఇంత పెద్ద సంఖ్య బ్యాంకు లావాదేవీల గోప్యతకు పనికిరాదు. అక్కడ కొన్ని వందల అంకెల ప్రధాన సంఖ్యలు చాలు. మెర్సెన్ ప్రధాన సంఖ్యలు అనంతమా కాదా అన్నది నేటికీ తేలలేదు. బేసి సంఖ్యలలో సూపర్ పర్ఫెక్ట్ ఒక్కటైనా ఉందా అన్నదీ అంతే. ఉంటే అది పూర్ణవర్గమై తీరాలని రుజువైంది.