“పరిశీలించండి” అన్న ఒక్క మాట

మున్సిపాలిటీలో, ఆర్ అండ్ బీలో, ఇరిగేషన్‌లో పనిచేసినవారికి ఎన్‌ఎంఆర్ అంటే విడమరిచి చెప్పనక్కర్లేదు. మస్టరులో పేరు, రోజుకూలి, ఎప్పటికైనా పర్మినెంట్ అవుతామన్న ఆశ. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆ ఆశకు 1993 నవంబర్ 25న గీత పడింది. ఆ రోజు నుంచి వర్తించిన 1994 నాటి 2వ చట్టం రోజుకూలి నియామకాలను నిషేధించింది. అప్పటికే పనిలో ఉన్నవారి కోసం 1994 ఏప్రిల్ 22న జీవో 212 వచ్చింది. అయిదేళ్లు ఎడతెగకుండా పనిచేసి, ఇంకా పనిలోనే ఉన్నవారిని, అర్హత ఉండి పోస్టు ఖాళీగా ఉంటే క్రమబద్ధీకరించవచ్చన్నది దాని సారం. ఆ అయిదేళ్లు ఏ తేదీకి నిండాలన్న ప్రశ్న మీదే ఏళ్ల తరబడి వ్యాజ్యాలు నడిచాయి. 1998లో శాసనసభ చట్టాన్ని సవరించి 1993 నవంబర్ 25నే గడువుగా బిగించింది. 2009లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది.

ఓడినవారి సంగతి అలా ఉంచి, గెలిచినవారికి ఏమైందో చూడాలి.

హైకోర్టు తరచూ ఇచ్చే ఆదేశం, పిటిషనర్ల విజ్ఞప్తిని నిబంధనల ప్రకారం పరిశీలించమని. ఊళ్లో మిఠాయిలు పంచుకుంటారు. కొన్ని నెలలకు ఆఫీసు నుంచి ప్రొసీడింగ్స్ వస్తాయి, పరిశీలించాం, వీలుకాదు అని. కోర్టు ధిక్కారం కింద కేసు వేస్తే, ఆదేశం పాటించామని అధికారి జవాబిస్తాడు. ఆ జవాబు చెల్లుతుంది కూడా. కోర్టు చెప్పాక అధికారి కొత్త ఉత్తర్వు ఇస్తే, అది తప్పయినా సరే, దాన్ని మళ్లీ వేరే కేసులో సవాలు చేయాల్సిందేనని 1996లో సుప్రీంకోర్టు తేల్చింది. అంటే మళ్లీ రిట్, మళ్లీ వకీలు ఫీజు, మళ్లీ వాయిదాలు.

“పరిశీలించండి” అన్న మాట బరువును సుప్రీంకోర్టు 2006లో మన ఆర్టీసీ కేసులోనే విప్పి చెప్పింది. పరిశీలించమంటే ఆలోచించి, చట్టప్రకారం నిర్ణయం తీసుకోమని మాత్రమే, అడిగింది ఇచ్చెయ్యమని కాదు. తప్పు ఎక్కడుందో చెప్పకుండా వెనక్కి పంపితే పాత ఉత్తర్వే మళ్లీ వస్తుందని హెచ్చరించింది. నా దృష్టిలో కార్మికుల కేసులన్నిటిలో అంతగా చదవాల్సిన పేరా మరొకటి లేదు.

అదే ఏడాది ఏప్రిల్ 10న సుప్రీంకోర్టు ఉమాదేవి తీర్పు వచ్చింది. దొడ్డిదారి నియామకాలకు క్రమబద్ధీకరణ హక్కు లేదన్నది అందులో అందరికీ గుర్తున్న భాగం. మంజూరైన పోస్టుల్లో, కోర్టు ఉత్తర్వుల అండ లేకుండా పదేళ్లు పనిచేసిన అర్హులను ఒక్కసారికి క్రమబద్ధీకరించమన్న భాగాన్ని ఆఫీసులు మరిచిపోయాయి. అర్హులందరినీ లెక్కలోకి తీసుకునేదాకా ఆ ఒక్కసారి పూర్తయినట్టు కాదని 2010లో సుప్రీంకోర్టు మళ్లీ చెప్పాల్సి వచ్చింది.

ఇక గెలిచాక ఆదేశం అమలు కాకపోతే ఆశ్రయించే ధిక్కార చట్టం గెలిచినవాడి కడుపు నింపడానికి పుట్టింది కాదు, కోర్టు మాట నిలబెట్టడానికి పుట్టింది. ఆరు నెలల దాకా సాధారణ జైలు, రెండు వేల దాకా జరిమానా, ఏడాదిలోపు కదలాలన్న గడువు, ఇంతే. లేబర్ కోర్టు దారి ఈ విషయంలో మెరుగుగా ఉండేది. పనిలోకి తీసుకోమన్న అవార్డుపై యాజమాన్యం హైకోర్టుకు వెళ్తే, కేసు తేలేదాకా ఆఖరి జీతం ఇవ్వాలని 2025 నవంబర్ దాకా అమల్లో ఉన్న పారిశ్రామిక వివాదాల చట్టంలో 1982 సవరణతో చేరిన 17-బి సెక్షన్ చెప్పేది. రిట్ గెలిచిన ఎన్‌ఎంఆర్‌కు ఆ ఆసరా లేదు.

2024 డిసెంబర్ 20న కేంద్ర జల సంఘంలో ఏళ్ల తరబడి ఊడ్పు వంటి పనులు చేసినవారి కేసులో ఉమాదేవి తీర్పును కార్మికులపై ఆయుధంగా వాడుకోవడాన్ని సుప్రీంకోర్టు తప్పుపట్టింది. 2025 ఆగస్టు 19న ఉత్తరప్రదేశ్ ఉన్నత విద్యా సేవా కమిషన్ రోజుకూలీల కేసులో ఇంకో అడుగు ముందుకు వేసింది. అమలును అధికారుల విచక్షణకు వదలలేదు. 2002 ఏప్రిల్ 24 నుంచి క్రమబద్ధీకరించాలి, ఖాళీ లేకపోతే అదనపు పోస్టు సృష్టించాలి, మూడు నెలల్లో బకాయిలు చెల్లించాలి, నాలుగు నెలల్లో అమలు చేశామని అఫిడవిట్ వేయాలి. కేసు నడుస్తుండగా రిటైరైనవారికీ ఆ లెక్కనే ప్రయోజనాలు కట్టాలని రాసింది.