నదుల పేర్లలో నిలిచిన భాషలు

నల్లసముద్రమునకు ఉత్తరమున ప్రవహించు నదుల పేర్లను వరుసగా చదివినచో ఒక విశేషము కనబడును. దోన్, దొనేత్స్, ద్నీపర్, ద్నీస్టర్ - అన్నింటి మొదటను ద, న అను హల్లులే కలవు. ఇవి మూలమున స్లావు మాటలు కావు. క్రీస్తుకు పూర్వము ఆ మైదానములలో సంచరించిన సిథియనులు, వారి వెనుక వచ్చిన సర్మేషియనులు ఇరాను శాఖకు చెందిన భాషలు మాట్లాడిరి. అవెస్తా భాషలో 'దాను' అనగా నది. ఆ శాఖలోనిదే అయి నేటికిని కాకసస్ పర్వతప్రాంతమున నిలిచియున్న ఒసెట్ భాషలో 'దోన్' అనగా నీరు, నది. మాట్లాడినవారు పోయిరి, మాట నదితో ఉండిపోయినది.

ఎగువ ద్నీపర్ ప్రాంతమున కథ వేరు. అచ్చటి ఉపనదుల పేర్లను పరిశీలించి తోపొరొవ్, త్రుబచోవ్ అను పండితులు 1962లో ఒక గ్రంథము ప్రకటించిరి. లిథువేనియను మొదలగు బాల్టిక్ భాషలకు చెందిన పేర్లు అందు వందలకొలది తేలినవి. స్లావులకు ముందు అచ్చట బాల్టిక్ జనులుండిరని దీనివలన స్థిరపడినది.

స్లావులు పెట్టిన పేర్లును చరిత్ర చెప్పును. 'దేస్నా' అనగా కుడిది. సంస్కృతమునందలి 'దక్షిణ' శబ్దమునకు జ్ఞాతి. కాని ఈ నది ద్నీపరును ఎడమవైపున కలియును. ఇదెట్లు? ప్రవాహమునకు ఎదురుగా ఉత్తరమునకు పోవువారికి అది కుడిచేతి వైపుననే యుండును. స్లావులు దక్షిణమునుండి వచ్చిరనుటకు కొందరు దీనిని సాక్ష్యముగా చూపుదురు.

పేరు పాతదైనను వ్యాకరణము క్రొత్తవారిదే. రష్యనులో 'ఆ'తో ముగియు వోల్గా, ఓకా స్త్రీలింగములు. హల్లుతో ముగియు దోన్, ద్నీపర్ పుంలింగములు. మెత్తగా పలుకు హల్లుతో ముగియు ప్రిప్యాత్ మరల స్త్రీలింగము. గంగ నది, బ్రహ్మపుత్ర నదము అను మన భేదమును ఇది తలపించును. కాని ఇచ్చట లింగమును నిర్ణయించునది ముఖ్యముగా పదాంతమే. దోన్‌కు అల్పార్థక ప్రత్యయము చేర్చగా 'చిన్న దోన్', అనగా దొనేత్స్, ఏర్పడినది. ఉక్రేనియనులో ద్నీపర్ పేరు 'ద్నిప్రో'. 'ఓ'తో ముగియు పదములు ఆ భాషలో సాధారణముగా నపుంసకములు. ఐనను ద్నిప్రో పుంలింగముగనే నిలిచినది.

ఐతే ధ్వనిసామ్యమొక్కటే ప్రమాణము కాదు. యూరల్ ప్రాంతపు కోస్వా, యాయ్వా నదుల పేర్లలోని 'వా' కోమి భాషలో నీరు. మాస్క్వాలోని 'వా' కూడ అదేయని కొందరనిరి. కాని ఆ రెండు ప్రాంతముల నడుమ అట్టి పేర్ల వరుస కానరాదు. వేదములందును 'దాను' శబ్దము కలదు. అంతమాత్రమున వైదికులు దోన్ తీరమున నివసించిరనరాదు; ఇరాను, భారత శాఖలకు మూలభాష ఒక్కటియని మాత్రమే దాని భావము.