ఎవరి ఫైలు, ఎవరి చేతిలో తాళం: ఎఫ్‌టీపీ, వాడుకరి అనుమతుల చరిత్ర

ఒక వెబ్‌సైటును హోస్టింగ్ సంస్థ దగ్గర పెట్టుకున్నవారు కంట్రోల్ ప్యానెల్ తెరిస్తే రెండు విషయాలు కంటబడతాయి. ఒకటి, ‘ఎఫ్‌టీపీ ఖాతాలు’ అనే పేజీ. రెండోది, ప్రతి ఫైలు పక్కనా కనిపించే 644, 755 వంటి అంకెలు. వాడేవారిలో చాలామందికి ఇవి ఎవరో చెప్పినట్లు నింపేసే గళ్లు మాత్రమే. చరిత్ర విద్యార్థి మాత్రం వాటిని అలా వదిలేయకూడదు. ఒకే యంత్రాన్ని పలువురు పంచుకోవలసి వచ్చినప్పుడు ఎవరు ఎవరిని ఎంతవరకు నమ్మాలి అన్న ప్రశ్నకు వేర్వేరు కాలాల్లో ఇచ్చిన జవాబులు ఆ గళ్లలో నిలిచి ఉన్నాయి. ఆ జవాబులు ఇచ్చిన సమాజం ఒకటి, ఇవాళ వాటితో సర్దుకుంటున్న సమాజం మరొకటి. ఈ పాఠంలో మనం గమనించవలసింది ఆ తేడానే.

ఒకే యంత్రం, పలువురు వాడుకరులు

1950వ దశకంలో కంప్యూటర్ అంటే ఒక సమయంలో ఒకరి పనే చేసే యంత్రం. కార్డుల కట్ట ఎవరిదైతే పని వారిది. నా ఫైలు నువ్వెలా చూశావు అన్న తగవుకు అక్కడ తావే లేదు. 1961 నవంబరులో అమెరికాలోని ఎంఐటీలో ఫెర్నాండో కోర్బటో బృందం సీటీఎస్ఎస్ అనే కాలపంపకం వ్యవస్థను ప్రదర్శించింది. ఒకే యంత్రం ముందు పలువురు కూర్చుని, ఎవరి పని వారు చేసుకునే వీలు కలిగింది. దానితో పాటే పాస్‌వర్డ్ వచ్చింది.

ఆ పాస్‌వర్డ్ ఎందుకు వచ్చిందో గమనించండి. అప్పట్లో శత్రుభయం ముఖ్యం కాదు. ఒక్కొక్కరికి కేటాయించిన యంత్ర సమయం, ఒక్కొక్కరి ఫైళ్లు వేరుగా ఉంచడమే ప్రధానోద్దేశం. అది ఎంతో కాలం నిలవలేదు. అలన్ షెర్ అనే పరిశోధక విద్యార్థి తనకిచ్చిన సమయం చాలక, 1962లో పాస్‌వర్డుల ఫైలును అచ్చు వేయించుకుని, ఇతరుల ఖాతాలు వాడుకున్నాడు. ఆ సంగతి దశాబ్దాల తరువాత తనే చెప్పాడు. 1966లో మరో విచిత్రం జరిగింది. ఎడిటర్ ప్రోగ్రాం వాడే తాత్కాలిక ఫైళ్లు ఒకదానితో ఒకటి తారుమారై, లాగిన్ అయిన ప్రతివారి ముందూ ఆనాటి సందేశానికి బదులు అందరి పాస్‌వర్డులూ ప్రత్యక్షమయ్యాయి. ఏ దొంగా లేకుండానే తాళపుచెవులు వీధిలో పడ్డాయన్నమాట.

సీటీఎస్ఎస్ తరువాత 1965 ప్రాంతంలో ఎంఐటీ, బెల్ ల్యాబ్స్, జనరల్ ఎలక్ట్రిక్ కలిసి మల్టిక్స్ నిర్మాణానికి పూనుకున్నాయి. అందులో ప్రతి ఫైలుకూ ఒక జాబితా ఉండేది. ఫలానా వ్యక్తి చదవవచ్చు, ఫలానా వ్యక్తి రాయవచ్చు అని పేరుపేరునా రాసుకునే పద్ధతి. ఖచ్చితమైన పద్ధతే గాని బరువైనది. 1969లో బెల్ ల్యాబ్స్ ఆ ప్రాజెక్టు నుంచి తప్పుకుంది. అక్కడి కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ ఒక చిన్న యంత్రం మీద యూనిక్స్ మొదలుపెట్టారు. చిన్న యంత్రంలో పొడవాటి జాబితాలకు చోటెక్కడిది? 1971 నాటి తొలి కూర్పులో ఫైలుకు యజమాని, యజమాని కానివారు అన్న రెండే వర్గాలు ఉన్నాయి. ‘గ్రూప్’ అన్న మూడోది కొద్దికాలానికి చేరింది.

మనం చూసే 644కు మూలం ఇదే. చదవడానికి 4, రాయడానికి 2, నడపడానికి 1. మొదటి అంకె యజమానిది, రెండోది గ్రూపుది, మూడోది మిగతా లోకానిది. 644 అంటే యజమాని చదువుతాడు, రాస్తాడు, మిగిలినవారు చదువుతారంతే. డైరెక్టరీ విషయంలో 1కి అర్థం కాస్త మారుతుంది. అక్కడ అది లోపలికి దాటి వెళ్లే అనుమతి. అందుకే డైరెక్టరీలకు సాధారణంగా 755 అని కనిపిస్తుంది. తొమ్మిది బిట్లలో ఒక చిన్న సమాజాన్ని ఇమిడ్చారు. ఒకే అంతస్తులో, ఒకరి గది ఒకరికి తెలిసినవారి సమాజం అది. ‘మిగతా లోకం’ అన్న మాటకు అప్పటి అర్థం పక్క గదుల్లోని సహోద్యోగులే.

అభయ్ భూషణ్ రాసిన నియమాలు

ఫైల్ ట్రాన్స్‌ఫర్ ప్రోటోకాల్ చరిత్ర మన దేశానికి దగ్గరగా వచ్చే చోటు ఇది. అలహాబాదులో పుట్టి, ఐఐటీ కాన్పూరు తొలి బ్యాచిలో 1965లో పట్టా పుచ్చుకుని, ఎంఐటీకి వెళ్లిన అభయ్ భూషణ్ 1971 ఏప్రిల్ 16న ఆర్ఎఫ్‌సీ 114 అనే పత్రం వెలువరించారు. ఆర్పానెట్‌లో ఒక కంప్యూటర్ నుంచి మరో దానికి ఫైళ్లు పంపడానికి, తెచ్చుకోవడానికి, పేరు మార్చడానికి, తొలగించడానికి రెండు పక్షాలూ పాటించవలసిన సంభాషణ నియమాలు అందులో ఉన్నాయి.

ఆ పత్రాన్ని మొదట అమలు చేయదలచిన ఎంఐటీ యంత్రాలలో ఒకటి మల్టిక్స్‌ది. మరొకటి ఐటీఎస్ అనే వ్యవస్థది. మల్టిక్స్‌లో ప్రతి ఫైలుకూ కాపలా. ఐటీఎస్ స్ఫూర్తి దీనికి పూర్తిగా విరుద్ధం. అక్కడ పాస్‌వర్డే ఉండేది కాదు, ఎవరి ఫైలైనా ఎవరైనా తెరవవచ్చు. ఈ రెండు ఇళ్ల మధ్య ఒకే వంతెన కట్టాలి. కనుక ఈ ప్రోటోకాల్ తనంతట తాను ఎవరికీ అనుమతి ఇవ్వదు, నిరాకరించదు. ‘నా పేరిది, నా పాస్‌వర్డిది’ అన్న మాటను అవతలి యంత్రానికి చేరవేస్తుంది. ఆపైన ఆ యంత్రం ఇష్టం. ఇది తెలివైన నిర్ణయమని నా అభిప్రాయం. ఇలా కాకపోతే అంత భిన్నమైన యంత్రాలు ఒకదానితో ఒకటి మాట్లాడగలిగేవే కావు. అయితే ఎఫ్‌టీపీని, అనుమతులను రెండు వేర్వేరు పొరలుగా చూడవలసిన అవసరం అక్కడినుంచే మొదలైంది. నేటికీ విద్యార్థులు తికమకపడేది ఇక్కడే.

జాన్ పోస్టెల్, జాయిస్ రెనాల్డ్స్ 1985 అక్టోబరులో వెలువరించిన ఆర్ఎఫ్‌సీ 959తో ఎఫ్‌టీపీ నేటి రూపానికి వచ్చింది. అందులో ప్రవేశానికి మూడు ఆదేశాలున్నాయి: యూజర్, పాస్, అకౌంట్. మూడోదాన్ని ఇప్పుడు దాదాపు ఎవరూ వాడరు. వాడుకరి పేరు వేరు, లెక్క రాసే ఖాతా వేరు అయిన కాలపంపకం రోజుల జ్ఞాపకం అది. ఇంకో సంప్రదాయం కూడా పుట్టింది. ‘అనానిమస్’ అని పేరిచ్చి, పాస్‌వర్డ్ స్థానంలో మర్యాదకు తమ ఈమెయిల్ చిరునామా రాస్తే చాలు, బహిరంగ ఫైళ్లు ఎవరైనా తెచ్చుకోవచ్చు. తాళం వేసిన ఇంటికి అరుగు లాంటిదిది. వెబ్ రాకముందు ఉచిత సాఫ్ట్‌వేర్ లోకమంతా తిరిగింది ఈ అరుగుల మీదుగానే.

పాస్‌వర్డ్ వినబడిపోవడం

ఇంత కథలో ఒక లోపం అలాగే ఉండిపోయింది. ఎఫ్‌టీపీలో పాస్‌వర్డ్ తీగ మీద ఉన్నదున్నట్లు, ఏ ముసుగూ లేకుండా ప్రయాణిస్తుంది. దారిలో ఏ యంత్రంలోనైనా చెవి ఒగ్గి కూర్చున్నవాడికి అది స్పష్టంగా చేరుతుంది. 1994 ఫిబ్రవరిలో అమెరికాలోని సెర్ట్ సంస్థ ఇలా నెట్‌వర్కుల మీద పొంచి ఉండి పాస్‌వర్డులు పోగుచేసే దాడుల గురించి హెచ్చరిక జారీ చేసింది. మరుసటి ఏడాది ఫిన్లండ్‌లోని హెల్సింకి సాంకేతిక విశ్వవిద్యాలయం నెట్‌వర్కులోనూ అదే జరిగింది. అక్కడి టాటు యులోనెన్ దానికి జవాబుగా మొత్తం సంభాషణను రహస్యలిపిలో పంపే ఎస్ఎస్‌హెచ్ రాశాడు. ఎఫ్‌టీపీది 21వ పోర్టు, టెల్‌నెట్‌ది 23. తాను వాటి స్థానంలోకి రాదలచాడు గనుక మధ్యనున్న 22ను అడిగి తీసుకున్నాడు. మనం వాడే ఎస్ఎఫ్‌టీపీ ఆ కుటుంబానిదే. పేరులో పోలిక ఉన్నా పాత ఎఫ్‌టీపీతో దానికి బంధుత్వం లేదు. పాత ఎఫ్‌టీపీకే రక్షణ తొడిగిన ఎఫ్‌టీపీఎస్ వేరు. దాని నియమాలు 2005లో ఆర్ఎఫ్‌సీ 4217గా వచ్చాయి.

అపరిచితులు ఒకే ఇంట్లో

1990ల చివరిభాగంలో షేర్డ్ హోస్టింగ్ వ్యాపారం పెరిగింది. ఒకే యూనిక్స్ తరహా యంత్రంలో ఒకరినొకరు ఎరుగని వందలమంది ఖాతాదారులు చేరారు. తొమ్మిది బిట్ల పాత అనుమతులు వీరిని కాపాడాలి. ‘మిగతా లోకం’ అన్న మాట అర్థం ఒక్కసారిగా మారిపోయింది. పక్క గది సహోద్యోగి స్థానంలో ముక్కూమొహం తెలియని పొరుగువాడు వచ్చాడు.

చిక్కు ఎక్కడ వచ్చిందో వివరంగా చూద్దాం. వెబ్ సర్వర్ ఖాతాదారు పేరుతో కాక, తరచుగా ‘నోబడీ’ అనే ఉమ్మడి పేరుతో నడిచేది. అది మీ పేజీని చదవాలంటే ఫైలు ‘మిగతా లోకానికి’ తెరిచి ఉండాలి. ఇక మీ ప్రోగ్రాం ఏదైనా ఫొటో భద్రపరచాలంటే ఆ డైరెక్టరీలో రాసే అనుమతి కూడా ఇవ్వాలి. దానితో ‘777 పెట్టండి, పని అయిపోతుంది’ అన్న సలహా వ్యాపించింది. పని అయ్యేది, నిజమే. కాని పొరుగువాడి ప్రోగ్రాం కూడా అదే ‘నోబడీ’ పేరుతో నడుస్తుంది. అది మీ డైరెక్టరీలో రాయగలదు, డేటాబేస్ పాస్‌వర్డ్ ఉన్న మీ ఫైలును చదవగలదు. 1997లో వచ్చిన అపాచీ 1.2లో సుఎగ్జెక్ అనే ఏర్పాటు చేర్చారు. ఖాతాదారు ప్రోగ్రాం అతని పేరుతోనే నడిచే వీలు దానితో వచ్చింది. అప్పుడిక లోకానికి తలుపు తెరవనక్కరలేదు. అయినా 777 అలవాటు మాత్రం చాలా ఏళ్లు వదలలేదు. సలహాలకు ఆయుష్షు ఎక్కువ.

ఇక కంట్రోల్ ప్యానెల్‌లో మనం అదనంగా సృష్టించే ఎఫ్‌టీపీ ఖాతాల సంగతి. ఒక చిన్న పత్రిక తన సైటుకు సంపాదకుడికి ఒకటి, బొమ్మలు వేసేవారికి ఒకటి, బయటి ప్రోగ్రామరుకు ఒకటి ఇచ్చిందనుకోండి. పేర్లు మూడు, పాస్‌వర్డులు మూడు. కాని చాలా హోస్టింగ్ ఏర్పాట్లలో యంత్రం దృష్టికి ఈ ముగ్గురూ ఒకే వాడుకరి. ముగ్గురు పెట్టే ఫైళ్లకూ యజమాని ఒకడే. కనుక ఎన్ని 644లు పెట్టినా వారి మధ్య తేడా రాదు. వారిని వేరు చేసేది ఒక్క డైరెక్టరీ హద్దే: బొమ్మలవారి ఖాతా బొమ్మల డైరెక్టరీ దాటి పైకి పోలేదు. ఇలా ఒక ప్రోగ్రాంకు ఫలానా డైరెక్టరీయే ప్రపంచం అని చూపే చ్‌రూట్ ఏర్పాటు 1979 నాటి యూనిక్స్ ఏడవ కూర్పులోనే ఉంది. బయటి ప్రోగ్రామరుకు మొత్తం సైటు డైరెక్టరీ అప్పగించి, ‘అనుమతులు సరిగానే పెట్టాం’ అనుకునే యజమాని పొరబడేది ఇక్కడే.

ఆ ప్రోగ్రామరు పని ముగించి వెళ్లిపోయినా ఖాతా అలాగే ఉండిపోవడం మామూలు. 2009లో గంబ్లర్ అనే దాడి ఇటువంటి నిర్లక్ష్యాన్ని పెద్దఎత్తున వాడుకుంది. అది వాడుకరుల సొంత కంప్యూటర్లలో చేరి ఎఫ్‌టీపీ పాస్‌వర్డులు దొంగిలించి, వాటితో దర్జాగా లాగిన్ అయి సైట్లలో తన కోడ్ చేర్చేది. సర్వర్ దృష్టిలో అక్కడ దొంగతనమేమీ జరగలేదు. సరైన పేరు, సరైన పాస్‌వర్డ్ వచ్చాయి. యజమాని ఫైలు యజమానే మార్చాడు.

2017లో లినక్స్ కెర్నల్ భాండాగారం, డెబియన్ సంస్థ తమ బహిరంగ ఎఫ్‌టీపీ సేవలు ఆపేశాయి. 2021లో ఫైర్‌ఫాక్స్, క్రోమ్ బ్రౌజర్లు ఎఫ్‌టీపీని పూర్తిగా తొలగించాయి. అరుగులు పోయాయి గాని లోపలి గదుల తాళాలు చాలా హోస్టింగ్ ఖాతాల్లో ఇంకా ఆ పాత పేరుతోనే ఉన్నాయి. మీకు అటువంటి ఖాతా ఉంటే ప్యానెల్ తెరిచి ఎఫ్‌టీపీ ఖాతాల జాబితాను ఒకసారి చదవండి. ప్రతి పేరు పక్కనా ఆ మనిషి ఎవరో, ఇంకా మీతో పనిచేస్తున్నారో లేదో, ఏ డైరెక్టరీ వరకు చేరగలరో రాసి చూడండి. ఈ పాఠానికి అభ్యాసం అదే.