కలివి పొదల పక్షాన

కర్నూలు, కడప వైపు అడవి చూడబోయేవారు ఎక్కువగా నల్లమలకే మొగ్గుతారు. శ్రీశైలం, అహోబిలం యాత్రలు తరతరాలుగా ఆ దారిని అలవాటు చేశాయి. 1983లో పులుల అభయారణ్యం కావడంతో నల్లమల పేరు ఇంకా పెరిగింది. కడప జిల్లా లంకమల కొండల కింది ముళ్లపొదల నేలకు ఆ భాగ్యం లేదు. ఎత్తయిన చెట్లు లేనిది అడవే కాదని మన పాత లెక్క. రెవెన్యూ వాళ్ల ‘బంజరు’ మాట ఆ లెక్కను ఇంకా గట్టిపరిచింది. నా ఓటు మాత్రం లంకమలకే.

కారణం కలివికోడి. 1848లో ప్రకృతి శాస్త్రవేత్త జెర్డాన్ లోకానికి చూపిన ఈ పిట్ట 1900 తర్వాత కనబడక, అంతరించిందనిపించుకుంది. 1986 జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లి దగ్గర మళ్లీ దొరికింది, అదీ ఒక స్థానిక వేటగాడి చేతికి. (పండితులకు పోయిన పిట్ట పల్లెకు పోలేదన్నమాట.) 1988లో శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం వెలిసింది, ఆ తర్వాత తెలుగుగంగ కాలువ కూడా దీనికోసం దారి మార్చుకుంది. పులికి కూడా ఇంత గౌరవం దక్కిందో లేదో!

వెళ్తే పిట్ట కనబడుతుందా అంటే, దాదాపు కనబడదు. అది రాత్రి తిరిగే జీవి. పరిశోధకులే పొదల సందుల్లో మెత్తటి మట్టి పట్టీలు పరిచి, తెల్లారాక మూడు వేళ్ల అడుగుల కోసం వంగి చూసేవారు. అయితే నల్లమలకు వెళ్లినవారిలో పులిని చూసినవారెందరు? మేకలు తిరిగితే ఈ నేల పాడవదా అన్నది ఇంకో ప్రశ్న. అతిగా మేస్తే పాడవుతుంది, నిజమే. అసలు మేయకపోతే పొదలు కమ్ముకుని, పరుగెత్తే ఈ పిట్టకు సందే మిగలదు.